కేసు పేపరు మీద కామాఠీపుర

శంకర్రావు దగ్గుమందు సీసాను నా చేతికి ఇవ్వబోయి ఆగాడు. దాన్ని తిరిగి అలమరలో పెట్టి అద్దం తలుపు మూసేశాడు.

"ఇగ నేనియ్య, మంగళా."

నా చెయ్యి కౌంటరు మీద చాచే ఉంది. ఏడు వారాలుగా ప్రతి సోమవారం మధ్యాహ్నం ఆ చెయ్యి అక్కడికి వస్తోంది, సీసాతో వెనక్కి పోతోంది. ఖాళీ చేతిని వెనక్కి తీసుకోవడం చిన్న పనే. నేను తీసుకోలేదు.

"ఎందుకియ్యవ్? అయిపోయిందా?"

"ఉన్నది. నీకియ్య. దవఖానకు వో. ఎదురొమ్ము ఫోటో తీపిచ్చుకో."

నా వెనక నిలబడ్డ ఎల్లమ్మ నవ్వింది. మా చాల్‌లోనే పై అంతస్తులో ఉంటుంది. "ఏమైందన్నా ఇయ్యాల? వదిన లడాయి పెట్టుకున్నదా పొద్దుగాల? నన్నుగూడ దవఖానకే పంపుతవా ఏంది, నాకు ఖాలీ మోకాల్నొప్పే."

"నీకు గోలీలిస్త. జర ఆగు," అన్నాడు శంకర్రావు నా మీంచి చూపు తియ్యకుండా.

శంకర్రావు డాక్టరు కాడు. ఆ సంగతి ఆయన ఎన్నడూ దాచలేదు, మేము ఎన్నడూ పట్టించుకోలేదు. మా వాళ్ళలో కాలేజీ చూసిన కొద్దిమందిలో ఒకడు. రెండేళ్ళు మందుల చదువు చదివి, కామాఠీపుర ఎనిమిదో గల్లీ మొదట్లో మెడికల్ దుకాణం పెట్టాడు. జ్వరానికి, విరేచనాలకి, పిల్లల చెవిపోటుకి, ఆడవాళ్ళకి నెలనెలా ఎక్కువయ్యే రక్తానికి, అన్నింటికీ ఆయనే. నాలుక చూపించమంటాడు. కింది కనురెప్ప లాగి చూస్తాడు. రాత్రి ఏం తిన్నావు, నిద్ర పట్టిందా అని అడుగుతాడు. తర్వాత కత్తెరతో గోలీల పట్టీ కత్తిరించి, పాత పేపరు ముక్కలో చుట్టి, చదువురాని వాళ్ళ కోసం పొట్లం మీద పెన్సిలుతో సూర్యుణ్ణో చంద్రుణ్ణో గీసి ఇస్తాడు. మగవాళ్ళు పనులకి పోయిన మధ్యాహ్నం వేళ ఆ కౌంటరు మా ఆడవాళ్ళది.

ఒక్క ప్రశ్న మాత్రం ఆయన అడగడు. ఎక్కడుంటావని. మేము ఎక్కడుంటామో ఆయనకి తెలుసు.

ఆ దుకాణం మీద నాకున్న ఇష్టం మందుల మీది ఇష్టం కాదని నాకు చాలా కాలంగా అనుమానం. అక్కడ నా గురించి ఎవరూ ఏమీ రాసుకోరు. కాగితం మీదికి ఎక్కనంత కాలం జబ్బు నిజం కాదని నా లోపల ఎవరో నమ్ముతూ ఉండేవారు. రాత్రి దిండులో మూతి పెట్టి దగ్గేటప్పుడు కూడా ఆ మనిషి నమ్మకం చెదరలేదు. అందుకే ఆ రోజు నాకు వచ్చిన కోపం సీసా కోసం కాదు. ఆయన నన్ను ఒక కాగితం వైపు తోస్తున్నాడు.

"నువ్వు డాక్టరువు కాకపోతివి. మరి ఇన్నొద్దులు ఎట్లిచ్చినవ్?" అన్నాను, ఎల్లమ్మ వినేలా.

ఆయన ముఖం మారింది. గొంతు తగ్గించలేదు.

"తప్పే. మొన్న జరమొచ్చినప్పుడు నీకు ఐదు సూదులేసిన. యాదికున్నదా? ఆ మందుల సగం టీబీకిచ్చేదే. ఐదొద్దులిస్తె రోగం చావది, దాక్కుంటది. నీకు తక్కువైందనుకున్నవ్. నేను గూడ అట్లనే అనుకున్న." ఒక చీటీ మీద మందు పేరు, తేదీలు, ఎన్ని సూదులో రాసి నా ముందు పెట్టాడు. "డాక్టరుకు ఇది చూపియ్యి. ఎవరిచ్చిన్రంటె నా పేరు చెప్పు. దాసకు."

తప్పు ఒప్పుకున్న మనిషి మీద కోపం నిలబెట్టుకోవడం కష్టం. అయినా నిలబెట్టుకున్నాను. చీటీ తీసుకుని వచ్చేశాను.

మా అత్త రాజవ్వకి చెప్పాను. నా భర్త శివరాం పునాలో ఒక కాంట్రాక్టరు దగ్గర సెంట్రింగ్ పని చేస్తాడు, నెలకోసారి వస్తాడు. ఇంట్లో ఉండేది మేమిద్దరమే. ఆమె చేస్తున్న పని ఆపకుండా విన్నది.

"పోదాం. పత్తా మాత్రం వర్లి చెప్పు. మీ చిన్నత్త ఖోలి నంబరు చెప్పు. మిల్లోళ్ళమను."

మా చాల్‌లో ప్రతి ఇంటికీ రెండు పత్తాలు, అంటే చిరునామాలు, ఉండేవి. ఒకటి ఉండడానికి, ఒకటి ఆస్పత్రిలో చెప్పడానికి. ఎవరికి వర్లిలో చుట్టాలుంటే వాళ్ళది వర్లి, ఎవరికీ లేకపోతే ఊరికే గ్రాంట్ రోడ్ అనేవాళ్ళు. పెళ్ళయి వచ్చిన కొత్తలో నీళ్ళు ఏ వేళకి వస్తాయో చెప్పినట్టే ఇదీ చెప్పారు నాకు. కామాఠీపుర అంటే ఒళ్ళమ్ముకునేవాళ్ళ పేట అనే ఊరు అనుకుంటుంది. ఆ కారణం రాజవ్వ ఒక్కసారే చెప్పింది. ఇరవై ఏళ్ళ కింద కడుపునొప్పితో పోయి కామాఠీపుర అని చెప్పిందట. చర్మరోగాల గదికి పంపారట. అక్కడి డాక్టరు పదిమంది మగవాళ్ళ ముందు, రోజుకు ఎంతమంది, అని అడిగాడట. పప్పులో ఉప్పు తక్కువైందన్నట్టుగా చెప్పింది ఆ మాట. అంతకంటే గట్టిగా చెప్పి ఉంటే నేను మర్చిపోయి ఉండేదాన్నేమో.

పోయాం. వర్లి పత్తా ఇచ్చాం. ఫోటో తీశారు. మూడు పొద్దులు కళ్ళె పట్టిన డబ్బీలు ఇచ్చి వచ్చాను. ఎనిమిది రోజుల తర్వాత కిటికీ దగ్గరికి పోతే మీ కాగితం ఇక్కడ లేదన్నారు. టీబీ మందులు ఎవరి పేట క్లినిక్‌లో వాళ్ళకే ఇస్తారట. నా కాగితం వర్లికి పోయింది, ఇంటికి కార్డు కూడా వేశారు.

వర్లి పోయాను. మా చిన్నత్త వజ్రమ్మ గుమ్మంలోనే నిలబెట్టింది.

"కారటొచ్చింది. కింది కిరాణా దుకాణమాయన అందరి ముంగట సదివిండు. మంగళట, టీబీయట, జల్ది రావాల్నట. ఎనకనే ఒక బాయి గూడ ఒచ్చింది సంచేసుకోని. ఆ పేరుతోని ఈడ ఎవరు లేరన్న."

"ఎందుకన్నవ్ చిన్నత్తా? కోడల్నని చెప్తె ఏం బోతుండె?"

"మరి ఏం జెయ్యాలె? నా బిందె నల్ల కాడ అందరి బిందెలతోనే పెడ్త. టీబీ ఉన్న కొంప అంటె కాలితోని పక్కకు నూకుతరు. నీ రోగానికి నా పత్తా ఇచ్చిన్రు గద, అడిగిన్రా నన్ను?"

"మా అత్త అడగలేదా?"

"మీ అత్తనా? మీ ఎనిమిదో గల్లీ ఆడోళ్ళ కడుపునొప్పులన్ని నా ఇంట్లనే ఉన్నయి. ఒక్క ముండన్న అడిగిందా?"

నాకు నవ్వొచ్చింది, నవ్వు దగ్గైంది. ఆమె రెండడుగులు వెనక్కి జరిగింది. జరిగినందుకు సిగ్గుపడి లోపలికి పోయి నీళ్ళు తెచ్చింది. గ్లాసు నా చేతికివ్వకుండా గడప మీద పెట్టింది. తాగకుండా వచ్చేశాను.

వర్లి క్లినిక్‌లో నా పేరు మీద ఎర్రసిరాతో అడ్డగీత ఉంది. పక్కన మరాఠీలో, తప్పుడు పత్తా, అని రాసి ఉంది. నేను అక్కడే నిలబడి ఆ గీతని చూశాను. ఒక ఊళ్ళో లేని మనిషికి జబ్బు చేసింది, జబ్బు చేసిన మనిషికి ఊరు లేదు. అందులో నేనెవరిని అనే ప్రశ్న సరదాగా కూడా అనిపించింది కొంతసేపు. బస్సు ఎక్కాక రుమాల్లో రక్తం చుక్క కనబడింది. సరదా పోయింది.

నేరుగా శంకర్రావు దగ్గరికి పోయాను.

"టీబీయే. కార్డొచ్చింది. నీ అలమరల ఆ గోలీలున్నయి గద, నాకు తెలుసు. నువ్వే ఇయ్యి."

"ఇయ్య."

"డాక్టర్ రాస్తె ఇస్తవా?"

"రాసినా నువ్వు నా కాడ కొనొద్దంటున్న. పద్దెనిమిది నెలలు తినాలె చెల్లె. రెండు నెలలు కొంటవ్. దగ్గు తక్కువైతది, బరువెక్కుతవ్, ఇగ మంచిగైందని బంద్ జేస్తవ్. నేను అడగను. అడగనీకె నాకెక్కడున్నది కాగితం? మూడో అంతస్తు మల్లవ్వకు నేనే అమ్మిన. మూడు నెలలు. తర్వాత రాలె. నేను గూడ మరిచిపోయిన. ఎప్పుడు యాదికొచ్చిందంటె..." ఆగాడు. మల్లవ్వ శవం ఆ దుకాణం ముందు నుంచే పోయింది, నేనూ చూశాను. "ఆడ ఫుకట్‌గ ఇస్తరు, పైస తీస్కోరు. రాకపోతె ఇంటికొచ్చి అడుగుతరు. నీకు అడిగేటోడు కావాలె. నేను అడిగేటోణ్ణి కాను."

"ఇంటికొచ్చి అడిగితె గల్లీ అంత తెలుస్తది."

"తెల్వనీ."

"నీకేం, మొగోడివి. నీ పత్తా నిన్ను కర్వదు."

ఆయన కత్తెర తీసి, కత్తిరించడానికి ఏమీ లేక, మళ్ళీ కింద పెట్టాడు. ఇన్నేళ్ళలో ఆయన చేతులకి పని లేకపోవడం అదే మొదటిసారి చూశాను. దాన్ని చూసి కొంచెం తృప్తి పడ్డాను. ఆ తృప్తి ఎంత నీచమైనదో రాత్రంతా ఆలోచించాను.

మర్నాడు రాజవ్వ తలుపుకి అడ్డం కూచుంది. "మా పేట క్లినిక్‌కి పోతున్నా," అన్నాను.

"ఏం పత్తా చెప్తవ్?"

"ఉన్నదే."

"నేను బతికున్నన్నొద్దులు నా ఇంటి నంబరు ఆ కాగితం మీద ఎక్కనీయ."

"అయితె నేను సచ్చినంక ఎక్కిస్తవా? సర్టిఫికట్ మీద రాస్తరు, అప్పుడు వర్లి చెప్పనీకె రాదు."

ఆమె లేవలేదు. నేను ఆమె మోకాళ్ళ మీంచి దాటాను. అత్త మోకాళ్ళ మీంచి దాటడం మా ఇళ్ళలో చెయ్యకూడని పని. దాటాక కూడా ఆకాశం అక్కడే ఉంది.

క్లినిక్ కిటికీ ముందు పన్నెండుమందిమి ఉన్నాం. నా ముందున్న ఆమెకి ముప్పై ఏళ్ళుంటాయి. మెడకి పసుపు రంగు చున్నీ చుట్టుకుంది. ఆమె దగ్గు నా దగ్గే. ఆ గరగర, చివర గొంతు చీరుకుపోయే చప్పుడు, అదంతా నాకు లోపలి నుంచి తెలుసు. ఆమె వంతు రాగానే కామాఠీపుర అంది నెమ్మదిగా. గుమాస్తా తలెత్తకుండానే పెన్నుతో ఎడమవైపు చూపించాడు. ఎడమవైపు గది మీద ఏం రాసి ఉందో నేను ముందే చదివాను. గుప్తరోగాల గది, అంటే సుఖరోగాలది. ఏం జబ్బని ఆమెని ఎవరూ అడగలేదు. ఆమె కూడా చెప్పలేదు. అలవాటైన మనిషిలా అటు నడిచి పోయింది.

నా వంతు.

"పత్తా?"

"కామాఠీపుర. ఎనిమిదో గల్లీ. ఇరవై రెండో ఖోలి."

పెన్ను ఎడమవైపు కదలబోయి ఆగింది. ఈసారి తలెత్తి నా పుస్తెలు చూశాడు. మట్టిగాజులు చూశాడు. చెడ్డవాడేం కాదు. నాకొక దారి చూపించాలని అతనికి అనిపించింది. గొంతు తగ్గించి హిందీలో అడిగాడు. "ఫ్యామిలీవా?"

ఆ మాట మా గల్లీల్లో తలుపుల మీద ఉంటుంది. తాగి వచ్చినవాళ్ళు తట్టకుండా, ఫ్యామిలీ రూమ్, అని పెద్ద అక్షరాలతో రాసుకుంటాం. అది రాసి లేని తలుపు ఇంకొక రకం తలుపని దాని అర్థం. ఇప్పుడు ఒక్క అక్షరం పలికితే చాలు, ఆ కిటికీ తెరుచుకుంటుంది. నేను అలాంటిదాన్ని కాదు అనే వాక్యం నా నాలుక మీద తయారుగా ఉంది. అది నాది కాదని అప్పుడు తెలిసింది. పెళ్ళైన రోజు నుంచి నా నోట్లో ఉంది అది. దాన్ని నమలడానికే నాకు పళ్ళున్నట్టు. కామాఠీ అంటే మేమే. రాళ్ళు మోసి సున్నం కలిపి ఈ ఊరి గోడలు లేపిన మా తాతల్ని ఊరు పిలిచిన పేరు. ఆ పేరుని ఊరు పాడు చేసింది. పాడైనందుకు సిగ్గుపడే పని మాత్రం మాకు అప్పజెప్పింది. మేము కాదు వాళ్ళు అని చూపించడానికి మాకు రోజూ ఆ పసుపు చున్నీ ఆమెలాంటివాళ్ళు కావలసి వచ్చారు.

"దగ్గు," అన్నాను. "దగ్గు, రక్తం. అది రాసుకోండి."

"ఫ్యామిలీనా అని అడిగాను."

"దగ్గుకి అది కావాలా?"

"నీ మంచికే అడుగుతున్నాను బాయీ. రాస్తే నీకే తిప్పలు తప్పుతాయి."

"రాయొద్దు. గల్లీ, నంబరు, దగ్గు. అంతే రాయండి. ఇప్పుడు ఎడమవైపు పంపారు చూడండి, ఆమెకి కూడా దగ్గే. ఆమెని పిలవండి."

వెనకనుంచి ఎవరో, జల్ది జల్ది, అన్నారు. నేను కిటికీ చువ్వ పట్టుకున్నాను. అతను విసుగ్గా రాశాడు. కామాఠీపుర అని ముద్దుముద్దుగా, గుండ్రని అక్షరాలతో. ఆ అక్షరాలు రాసినంత మాత్రాన నాకేమీ కాలేదు. ఆమెని ఎవరైనా పిలిచారో లేదో నాకు తెలియదు. నేను బయటికి వచ్చేటప్పటికి ఎడమ గది మూసి ఉంది.

డాక్టరు నడివయసు మనిషి. వర్లి క్లినిక్‌లో అడిగి తెచ్చుకున్న నా ఫోటోని వెలుతురుకి ఎత్తి చూశాడు. కుడివైపు పైన ఒక తెల్లని మరక. శంకర్రావు చీటీ చేతికిచ్చాను. చదివాడు, చీటీని బల్ల మీద పడేశాడు.

"ఎవరు వేశారు ఈ సూదులు? డాక్టరా?"

"కాదు."

"కెమిస్టు. అవునా? మీ గల్లీల్లో ప్రతివాడూ డాక్టరే. ఇలాంటివాళ్ళ వల్లే మీ జబ్బు మందుకి లొంగకుండా పోతుంది, తెలుసా? దుకాణం పేరు చెప్పు. రాసి పంపుతాను, లైసెన్సు పోతుంది."

చెప్పమన్నాడు శంకర్రావు, దాచవద్దన్నాడు. చెబితే అబద్ధమేమీ కాదు. రెండు వారాల కిందటి కోపం కూడా ఇంకా నాలో మిగిలే ఉంది, నోరు తెరిస్తే పేరు దానంతటదే జారేలా. ఎల్లమ్మ మోకాళ్ళు గుర్తొచ్చాయి. మధ్యాహ్నం ఆ కౌంటరు ముందు ఎంతమందిమి నిలబడతామో గుర్తొచ్చింది. ఆ షట్టరు దిగితే వాళ్ళందరూ ఈ కిటికీకి వస్తారా? ఈ కిటికీకి వచ్చి ఎటు పోతారు?

"మందు పేరు అందులో ఉంది. తేదీలున్నాయి," అన్నాను. "దుకాణం పేరు చెప్పను."

"చెప్పకపోతే నీకు వైద్యం ఎలా చెయ్యాలి?"

"వైద్యానికి మందు పేరు కావాలి. అది ఉంది."

అతను కుర్చీలో వెనక్కి వాలాడు. "వాడు నిన్ను చంపబోయాడు, నువ్వు వాణ్ణి కాపాడుతున్నావు."

"ఆయన తప్పు చేశాడు డాక్టర్‌సాబ్. చేశానని ఒప్పుకుని తన చేత్తో రాసిచ్చాడు, ఇక్కడికి పొమ్మని సీసా కూడా ఇవ్వలేదు. నేను పన్నెండు రోజులు తిరిగాను. మీ కిటికీ ఇప్పుడే నన్ను వేరే గదికి పంపబోయింది. కిటికీ ఏమీ రాసివ్వలేదు."

నర్సు నన్ను మాట్లాడొద్దన్నట్టు చూసింది. నేను స్టూలు మీద ఇంకా లోపలికి జరిగి కూచున్నాను. మందు ఇవ్వను పొమ్మంటే ఏం చెయ్యాలో నా దగ్గర ఆలోచన లేదు. ఇక్కడి నుంచి లేవకూడదని మాత్రం ఉంది. అంతసేపు ఎవరి ఎదుటా, శివరాం ఎదుట కూడా, కళ్ళు దించకుండా ఉన్న జ్ఞాపకం లేదు నాకు.

డాక్టరు చీటీని మళ్ళీ తీసుకున్నాడు. గుండుసూదితో నా కేసు పేపరుకి గుచ్చాడు. రాయడం మొదలుపెట్టాడు.

"గురువారం విజిటర్ బాయి ఇంటికి వస్తుంది. పత్తా నిజమో కాదో చూస్తుంది. దొరక్కపోతే పేరు కొట్టేస్తాం."

"దొరుకుతాను."

గురువారం సాయంకాలం వచ్చింది. గొడుగు, సంచి, పెద్ద గొంతు. గదుల ముందరి గ్యాలరీ మొదట్లోనే నిలబడి మరాఠీలో అరిచింది. "మంగళా శివరాం, టీబీ పేషంట్, ఏ ఖోలి?" రేడియోలు కూడా ఆగినట్టనిపించింది. పైనుంచి ఎల్లమ్మ తల కనబడింది, ఆమె పక్కన ఇంకో మూడు తలలు. రాజవ్వ గడపలో బియ్యం ఏరుతోంది. మూడు రోజులుగా నాతో మాటల్లేవు. విజిటర్ వచ్చి సరిగ్గా ఆమె ఎదుటే ఆగింది.

"ఇక్కడేనా?"

రాజవ్వ చేటలోంచి తలెత్తలేదు. లేదనే మాట ఆమెకి ఇరవై ఏళ్ళుగా అలవాటు. ఒక్కసారి అంటే మళ్ళీ ఎర్రగీత పడుతుంది. నేను ఆమె వెనక నుంచి బయటికి వచ్చాను.

"నేనే మంగళని."

రాజవ్వ ఒక రాయి తీసి బయటికి విసిరింది. "ఇంకేం, ఆమెకు చాయ్ పెట్టు. బరాత్ తీసినట్టు గల్లీ గల్లీ పిలిచె, ఇగ దాసేటిదేమున్నది."

"నువ్వు పెట్టత్తా. నేను గోలీలేస్కోవాలె."

"ఆఁ, నీకు నౌకరుంటి నేను." చేట పక్కన పెట్టి లేచి లోపలికి పోయింది. స్టవ్‌కి గాలి కొడుతున్న చప్పుడు వినబడింది.

విజిటర్ మందుల డబ్బా తెరిచి గోలీలు లెక్కపెట్టింది. ఈ రోజువి తన ముందే మింగమంది. నాలుగు. ఒక్కొక్కటే నీళ్ళతో మింగాను. నాలుగోది గొంతులో కాసేపు నిలబడి కిందికి దిగింది.

"నోరు తెరువు," అంది.

తెరిచాను. ఆమె చూసి సరే అని పుస్తకంలో రాసుకుంది. నేను మూయలేదు. తల పైకెత్తి, పై గ్యాలరీలోని తలలన్నీ లోపలి దాకా చూసుకునేలా, కావలసిన దానికంటే ఎక్కువసేపు అలాగే తెరిచి ఉంచాను.